అజర్యా పీకని పొద

ఊళ్ళో ఉన్న బార్బెరీ పొదలన్నీ వేళ్ళతో సహా పీకించాలని మార్చి నెల సభలో తీర్మానం అయింది. ఆ పని అజర్యాకి ఇద్దామంటే ఒక్కరూ కాదనలేదు. పొలం గట్టు జానెడు జరిగిందని అన్నదమ్ములు తలలు పగలగొట్టుకునే ఊరది. అలాంటి ఊళ్ళో కొలతాడు పట్టుకుని అజర్యా నిలబడితే ఇద్దరూ టోపీలు తీసి సరేననేవారు. యాభై ఏళ్ళు దాటినా అతను ఒకరి గింజ తన గాదెలో వేసుకున్నాడని అన్నవాళ్ళు లేరు.

గొడవంతా గోధుమ గురించి. మూడేళ్ళుగా నది ఒడ్డు ఊళ్ళన్నిటా గోధుమకి తుప్పు తెగులు తగులుతోంది. ఇంక రెండు వారాల్లో కోత అనగా కాడల మీద ఇటికపొడి చల్లినట్టు ఎర్రగా లేస్తుంది. పది రోజులకి ఆ ఎరుపు నల్లబడుతుంది. కంకి నలిపి చూస్తే గింజ ఉండదు, ఊక ఉంటుంది. బార్బెరీ పొద పక్కనున్న చేలకే ఇది ముందు వస్తోందని దిగువ ఊళ్ళ రైతులు కనిపెట్టారు. పొద ఊపిరిలో విషముందని కొందరన్నారు, పువ్వు వాసనలో ఉందని కొందరన్నారు. చదువుకున్నవాళ్ళు విని నవ్వారు. చేలు పోయినవాళ్ళు మాత్రం గడ్డపారలు వెతుక్కున్నారు.

రోజూ తినేది మొక్కజొన్నా, రై అనే ముతక ధాన్యమూ కలిపి కాల్చిన రొట్టే అయినా, గోధుమ గోధుమే. తాతలు ఇంగ్లండు నుంచి సముద్రం దాటి ఈ కొత్త దేశానికి మూట కట్టుకుని ఓడలో తెచ్చుకున్న గింజ. ఇంట్లో తెల్ల రొట్టె ఉన్న మగాడు మందిరానికి నడిచే నడకే వేరుగా ఉండేది.

అజర్యా మార్చి, ఏప్రిల్ రెండు నెలలూ గడ్డపార భుజాన వేసుకుని ఊరంతా తిరిగాడు. బార్బెరీ మొండి పొద. ముళ్ళు మూడేసి చొప్పున ఉంటాయి, వేరు ఒకటి తెగితే రెండు పుడతాయి. ఆ వేళ్ళ లోపల పచ్చటి పసుపు రంగు. రెండు నెలలూ అతని చేతులు మోచేతిదాకా పసుపు ముద్దలే. దారిలో పిల్లలు చూసి నవ్వితే అతనూ నవ్వేవాడు.

ఆడవాళ్ళు మాత్రం నవ్వలేదు. ఆ పుల్లటి ఎర్రపళ్ళు చక్కెరలో ఉడకబెట్టి చలికాలానికి దాచుకునేవాళ్ళు వాళ్ళు. జాబెజ్ భార్య కెజియా బావి పక్కన వరసగా ఎనిమిది పొదలు పెంచుకుంది. జాబెజ్ అజర్యాకి పక్క చేనువాడు, మధ్యలో ఒక రాతిగోడ అడ్డం. అయిదుగురు పిల్లలు, ఒకటే చేను. ఆ చేనంతా కిందటి సెప్టెంబరులో గోధుమే చల్లాడు.

"అన్నయ్యా, ఇవి నా పెళ్ళయిన ఏడాది నాటుకున్నవి," అంది కెజియా, పొదలకి అడ్డంగా నిలబడి. "ఒక్కటి వదిలెయ్యవూ? పిల్లలకి దగ్గొస్తే ఈ పళ్ళ రసమే మందు."

"నీకొకటి వదిలితే రేపు ఊరంతా తలా ఒకటి అడుగుతారు తల్లీ. చట్టం కదా."

"చట్టానికి దగ్గు రాదు లే," అంది ఆమె. కళ్ళు తుడుచుకుని పక్కకి తప్పుకుంది. ఎనిమిదో పొద వేరు పైకొచ్చాక, అలిసిపోయాడని చెంబుడు ఆపిల్ కల్లు తెచ్చి చేతికిచ్చింది కూడా. అతను మొహమాటం లేకుండా తాగాడు.

ఏప్రిల్ నెలాఖరుకి ఊళ్ళో ఒకే ఒక్క పొద మిగిలింది. అది అజర్యా ఇంటిది.

గొర్రెల దొడ్డి వెనక, జాబెజ్ చేనుకి హద్దుగా ఉన్న రాతిగోడని ఆనుకుని ఉండేది ఆ పొద. అది అతని భార్య జెరూషాది. పెళ్ళయి సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చేటప్పుడు, గుర్రం మీద మూడు రోజులూ ఆ మొక్కని తడి ఉన్నిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఆ చలికాలమే వాళ్ళమ్మ చనిపోయింది. మరుసటి ఏడు ఆ పుట్టిల్లు కూడా తగలబడింది.

అజర్యా గడ్డపార తీసుకుని దొడ్డి వైపు తిరగ్గానే జెరూషా వెనకే వచ్చింది.

"ఎక్కడికి?"

"నీకు తెలుసుగా."

"తెలిసే అడుగుతున్నా. ఊళ్ళోవాళ్ళవి వందకి పైగా పీకావు, కడుపు నిండలేదా? నా పొద లేచి గోడ దూకి జాబెజ్ చేను మేసొస్తుందా?"

"సభలో ఒప్పుకున్నానే."

"సభలో ఒప్పుకున్నవన్నీ చేసేశారా మీ మగాళ్ళు? పాదిరిగారి ఇంటికప్పు బాగుచేస్తామని ఒప్పుకుని నాలుగేళ్ళయింది. పాపం వాన పడ్డప్పుడల్లా ఆయన మంచం జరుపుకుంటూనే ఉన్నాడు."

అజర్యాకి నవ్వొచ్చింది. నవ్వడంతోటే సగం ఓడిపోయాడు. జెరూషా అది కనిపెట్టి గొంతు తగ్గించింది.

"మా అమ్మ చేతిది నాకిదొక్కటే మిగిలిందయ్యా. ఈ ఒక్క ఏడూ ఉండనీ."

ఈ ఒక్క ఏడే కదా అనుకున్నాడు. గోడ మీదికి పాకిన అడవి ద్రాక్ష తీగ లాగి పొద మీద కప్పాడు. ఊళ్ళో పొదలు తనిఖీ చేసేవాడు అతనే కాబట్టి అతని పొద తనిఖీ చేసేవాడు లేడు. ఆదివారం ప్రార్థన అయ్యాక, "పని పూర్తయింది, ఊళ్ళో ఒక్కటి కూడా లేదు," అని పెద్దలకి చెప్పాడు. వాళ్ళు సంతోషించారు. కంచే చేను మేస్తుందని ఎవరనుకుంటారు?

మే నెల వచ్చింది. ఓక్ చెట్టు ఆకు ఉడత చెవంత అయితే మొక్కజొన్న వెయ్యాలి. మట్టి కుప్ప చేసి కుప్పకి నాలుగు గింజలు, పక్కన చిక్కుడు, మధ్యమధ్య గుమ్మడి. ఆ నేల మీద అంతకుముందు ఉన్నవాళ్ళు వీళ్ళ తాతలకి నేర్పిన పద్ధతి అది. నేర్పినవాళ్ళు ఇప్పుడు ఆ ఒడ్డున లేరు. ఎందుకు లేరో ఊళ్ళో ఎవరూ మాట్లాడుకోరు.

అజర్యా గోడ పక్క చేలో కుప్పలు వేస్తుంటే అవతల నుంచి జాబెజ్ గోడ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. నోరు ఊరికే ఉండని మనిషి.

"అన్నా, మతిగానీ పోయిందా? ఈ నేల పిండితే పాలొస్తాయి. ఇక్కడ మొక్కజొన్న వేసి, గోధుమ తీసుకెళ్ళి ఆ కొండ మీద రాళ్ళలో చల్లావు. ఎవరైనా నవ్వుతారు."

"నేల అలిసిందిరా. ఒక ఏడు వేరే పంట వెయ్యనీ."

"అలిసింది నేల కాదు, నువ్వు. వదినతో చెప్పు, మంచి పులుసు కాచి పొయ్యమని."

జాబెజ్ తన మాటకి తనే నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. మోకాలి దాకా లేచిన అతని గోధుమ పచ్చగా ఊగుతోంది. అంత ఒత్తుగా ఆ చేను ఎన్నడూ పెరగలేదు.

ఆ సాయంత్రం అజర్యా ద్రాక్ష తీగ తొలగించి పొద చూశాడు. ఆకుల అడుగున నారింజ రంగు చుక్కలు గుంపులుగా ఉన్నాయి. వేలితో రాస్తే పొడి అంటుకుంది. అదేమిటో అతనికి తెలీదు. కానీ మనసులో ఏదో కలుక్కుమంది. వేలు లాగుకి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. పీకెయ్యాలి అనుకున్నాడు. మొక్కజొన్న పని అయ్యాక అనుకున్నాడు. ఆ పని అయ్యేసరికి గొర్రెలకి ఉన్ని కత్తిరించే రోజులొచ్చాయి. అవీ అయ్యేసరికి, ఇన్నాళ్ళూ ఏమీ కాలేదుగా, ఇక ఏమవుతుందిలే అనుకున్నాడు.

జూన్ చివర్లో వారం రోజులు పొగమంచు కమ్మింది. మధ్యాహ్నానికి విడిచి ఉక్కపోసేది, సాయంత్రానికి మళ్ళీ దిగేది. ఎనిమిదో రోజు, బుధవారం, జాబెజ్ గోడ దూకి పరిగెత్తుకుంటూ వచ్చాడు. అజర్యా చెయ్యి పట్టుకుని తన చేలోకి లాక్కెళ్ళాడు. నాలుగడుగులు నడిచేసరికి ఇద్దరి లాగులూ మోకాళ్ళ దాకా ఎర్రబడ్డాయి. గోడ వైపు అయితే కాడ రంగే కనపడటం లేదు.

"తుప్పన్నా," అన్నాడు జాబెజ్. "తుప్పు."

అజర్యా ఒక కంకి తెంపి అరచేతిలో నలిపాడు.

"పొద్దున్నే ఊరంతా తిరిగొచ్చాను. పై చేలు బాగున్నాయి, అవతలి ఒడ్డు బాగుంది, కొండ మీద నీదీ బాగుంది. నా ఒక్కడిదే అన్నా! ఎందుకు? పొదలున్నాయంటే పొదలనుకోవచ్చు. నువ్వు అన్నీ పీకేశావుగా. చుట్టుపక్కల ఒక్కటి కూడా లేదుగా?"

గోడ పాతిక అడుగుల దూరంలో ఉంది. ద్రాక్ష తీగ కింద నుంచి ఒక కొమ్మ ఇవతలికి తొంగి చూస్తోంది. జాబెజ్ దానికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఉందిరా, అదిగో అని చెయ్యి చూపిస్తే చాలు. అజర్యా చెయ్యి లేవలేదు. ఊళ్ళో తన మాటకున్న విలువ, పెద్దల ముందు తను చెప్పిన అబద్ధం, బావి పక్కన కెజియా తుడుచుకున్న కళ్ళు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"నీకే తెలియాలి, చెప్పన్నా. పొద కాకపోతే మరేమిటిది?"

"దేవుడికే తెలియాలిరా," అన్నాడు అజర్యా.

జాబెజ్ అతని మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా తల ఊపాడు, అడిగిన దానికి జవాబు దొరికినట్టు.

"అవును. ఆయనకే తెలియాలి."

ఆ మాట అజర్యాకి అప్పుడు సరిగా అర్థం కాలేదు. అర్థం కావలసింది. ఆ ఊళ్ళో పుట్టినవాడే కదా. అక్కడ ఇల్లు కాలినా, ఆవు ఈనలేక చచ్చినా, మనిషి ముందు తన లోపలికి తొంగి చూసుకుంటాడు, ఏ తప్పుకి ఈ దెబ్బ అని. ఊరందరి చేలూ వదిలి ఒక్కడి చేను మీదే దెబ్బ పడితే అది పేరు పెట్టి పిలిచినట్టే. ఆ లెక్కన జాబెజ్‌ని దేవుడు పిలిచాడు. పిలిచింది దేవుడు కాదని చెప్పగలిగిన ఒక్కడూ, దేవుడికే తెలియాలన్నాడు.

ఇంటికొచ్చి జెరూషాకి చెప్పాడు. ఆమె పాలు చిలుకుతున్నది ఆపలేదు.

"మంచు పట్టింది, తెగులొచ్చింది. మా పుట్టింటి ఊళ్ళో పొదలు లేని చోట కూడా వచ్చేది. ఊరికే భుజాలు తడుముకోకు."

"కొండ మీద రాళ్ళలో గోధుమ ఎందుకు చల్లానో తెలుసా?"

"నేల అలిసిందన్నావు."

"నేల అలిసిపోలేదే. పోయిన సెప్టెంబరులోనే దిగువ ఊళ్ళ మాట విన్నాను. అది నిజమేనని నాకు లోపల అనిపించింది. ఆ పొద పక్కన గోధుమ వెయ్యకూడదని తెలిసే నా గింజ కొండెక్కించుకున్నాను. గోడవతల వాడికి చెప్పలేదు."

చిలుకుతున్న చెయ్యి ఆగింది. జెరూషా అతన్ని చూసింది. కవ్వం పక్కన పెట్టింది.

"పోయి చెప్పు," అంది చివరికి. "నేనే ఉండనిమ్మన్నానని చెప్పు. తిడితే నన్ను తిట్టమను."

గురువారం బయల్దేరి గోడ దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. శుక్రవారం వాన. శనివారం పొద్దు వాలుతుండగా, ఇక వెళ్ళకపోతే మనిషినే కాదనుకుని గడప దాటాడు. జాబెజ్ ఇంట్లో దీపం పెట్టలేదు. మొగుడూ పెళ్ళాం బల్లకి చెరోవైపు కూర్చున్నారు. కెజియా కళ్ళు వాచిపోయి ఉన్నాయి. పెద్దపిల్ల లోయిస్, పన్నెండేళ్ళది, చిన్నవాళ్ళని పైన పడుకోబెడుతోంది.

"రా అన్నా," అన్నాడు జాబెజ్. "మంచి సమయానికి వచ్చావు. పాదిరిగారి దగ్గరికెళ్ళి ఇప్పుడే వచ్చాం. రేపు మందిరంలో ఇద్దరం లేచి నిలబడతాం."

"దేనికి?"

"రేపు వింటావుగా. మాలో ఉన్నదేదో మేం వెతుక్కున్నాం. దొరికింది." అతని గొంతులో ఏడుపు లేదు. వింతగా తేలికపడ్డట్టుంది. "నువ్వన్నావే, దేవుడికే తెలియాలని. ఆ మాటే మూడు రోజులు నిద్రపోనివ్వలేదు."

అజర్యా నోరు తెరిచాడు. ఒరే జాబెజ్, అది కాదురా అన్నాడు. అన్నాననుకున్నాడు గానీ గొంతులోంచి బయటికి వచ్చింది దగ్గొక్కటే. ఇంతలో కెజియా లేచి రొట్టెముక్క తెచ్చి అతని ముందు పెట్టింది. ఆ ఇంట్లో మూడు రోజులుగా రొట్టె కొలిచి పెడుతున్నారని అతనికి తెలుసు. ముక్కని మెల్లగా వెనక్కి జరిపాడు. కిటికీలో ఎర్రదనం పోయింది. శనివారం పొద్దుగుంకితే విశ్రాంతిదినం మొదలు, ఎవరింట్లో వాళ్ళుండాలి. అజర్యా లేచి వచ్చేశాడు. రేపు మందిరంలో వాళ్ళు లేచి నిలబడకముందే నేనే లేస్తాను అని దారంతా తనకి తను చెప్పుకున్నాడు.

లేవలేదు.

మందిరంలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ప్రసంగం అయ్యాక పాదిరిగారు జాబెజ్‌నీ కెజియానీ పేరు పెట్టి పిలిచారు. ఇద్దరూ నడవలోకి వచ్చి పక్కపక్కన నిలబడ్డారు. పాదిరిగారు కాగితం చదివారు. వాళ్ళ పెళ్ళి మే నెలలో అయింది. లోయిస్ డిసెంబరులో పుట్టింది. నెలలు నిండకుండా పుట్టిందని అప్పుడు ఊరికి చెప్పారు. అది అబద్ధం. పెళ్ళికి ముందే పాపం చేశారు, పన్నెండేళ్ళు దాన్ని దాచి, దాచిన చేతులతోనే మందిరంలో ప్రభువు రొట్టె తీసుకున్నారు. అందుకే తమ గోధుమని ఆయన కొట్టాడని ఇప్పుడు తెలుసుకున్నారు.

గుసగుసలు లేవలేదు. అంతకన్నా ఘోరంగా, ఆడవాళ్ళ వైపు తలలన్నీ ఒకేసారి లోయిస్ వైపు తిరిగాయి. ఆ పిల్లకి మొదట అర్థం కాలేదు. ఎవరి గురించో అన్నట్టు తనూ పక్కకి తిరిగి చూసింది. ఆ తర్వాత మెడ దగ్గర మొదలై మొహమంతా కందిపోయింది. చిన్న తమ్ముడు చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది.

"ఇంకెవరి మనసులోనైనా భారం ఉంటే," అన్నారు పాదిరిగారు, "ఇదే సమయం."

ఆడవాళ్ళ వైపు నుంచి జెరూషా భర్తని చూసింది. లే అని ఆ చూపు. అజర్యా చేతులు ముందున్న బల్లని పట్టుకున్నాయి. కాళ్ళకి మాత్రం తన మాట వినపడలేదు. పిరికితనం అనే మాట అతను ఇతరుల గురించి ఎన్నోసార్లు వాడాడు. అది ఇంత బరువుగా, ఇంత మెత్తగా ఉంటుందని, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే పట్టి ఉంచుతుందని అతనికి తెలీదు. తనని తను అసహ్యించుకుంటూ కూర్చున్నాడు. పాదిరిగారు కాసేపు ఆగి, దీవెన చెప్పి, మధ్యాహ్నం ప్రార్థనకి మళ్ళీ రమ్మన్నారు.

రెండు ప్రార్థనల మధ్య జనం తెచ్చుకున్నది తింటారు. జాబెజ్, కెజియా అందరికీ దూరంగా గుర్రాల పాక వెనక కూర్చున్నారు. లోయిస్ వాళ్ళ దగ్గరికి రాలేదు. సమాధుల గోడ దగ్గర ఒంటరిగా, వీపు ఇటు పెట్టి నిలబడింది. అజర్యా ఆ పిల్లని చూస్తూనే నడిచాడు. ఈసారి కాళ్ళు ఆగలేదు. ఆలస్యమయ్యాక ఆగవు కదా.

"జాబెజ్, నేను పీకని పొద ఒకటుంది."

"ఏం పొద?"

"బార్బెరీ. జెరూషాది. మన గోడ పక్కన, ద్రాక్ష తీగ కింద. మీ అందరివీ పీకి దాన్ని వదిలేశాను. నీ చేను దానివల్లే పోయింది."

జాబెజ్ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

"బుధవారం నిన్ను అడిగాను గదన్నా. ఒక్కటి కూడా లేదుగా అని చేలో నిలబెట్టి అడిగాను."

"అడిగావు."

"దేవుడికే తెలియాలన్నావు."

"అన్నాను."

"నీకూ తెలుసు గదన్నా!"

ఆ కేక విని దూరాన ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. కెజియా భర్త మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడే లేచి చెప్తాను," అన్నాడు అజర్యా. మాటలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. "రెండో ప్రార్థన మొదలవగానే. తప్పు నాదని, మీ చేను మీద దేవుడి కోపం ఏమీ లేదని ఊరందరి ముందూ చెప్తాను."

"నువ్వేం చెప్పవు," అంది కెజియా.

"చెప్పాలి తల్లీ."

"ఎవరికోసం? మేమన్నది వెనక్కొస్తుందా? అదిగో, అక్కడ నిలబడింది చూడు నా కూతురు. అది విన్నది వినకుండా పోతుందా? దేవుడు అడిగాడు, అందుకని చెప్పామే అని సాయంత్రం దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాలనుకుంటున్నాను. నాకున్నది ఆ ఒక్క మాటే. అడిగింది దేవుడు కాదు, జెరూషా అత్త పళ్ళ పొద అని చెప్పమంటావా?"

అజర్యా తల వంచుకున్నాడు.

"ఇప్పుడు ఊరు జాలిపడుతోంది. నువ్వు లేచి చెప్తే నవ్వుతుంది. తెగులుకి భయపడి తమ గుట్టు తామే బయటపెట్టుకున్న వెర్రివాళ్ళని మా మనవల కాలం దాకా నవ్వుతుంది. చెప్పేసి నువ్వు ఇంటికెళ్ళి నిద్రపోతావు. మేం?"

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"మొయ్యి. మేం పన్నెండేళ్ళు మోశాం. ఇప్పుడు నీ వంతు."

జాబెజ్ అప్పటికి రొట్టె కింద పెట్టాడు. కోపం పోయి మొహం ముసలివాడిలా అయింది.

"చెప్పకన్నా," అన్నాడు. "దేవుడే చేశాడని నన్ను అనుకోనీ."

సోమవారం తెల్లవారుతూనే జెరూషా గడ్డపార తెచ్చింది. మొదటి దెబ్బ ఆమే వేసింది. ఇద్దరూ మధ్యాహ్నం దాకా తవ్వి, వేళ్ళు వెతికి వెతికి ఏరి, అక్కడే కాల్చేశారు. తల్లి చేతి మొక్క కాలుతుంటే జెరూషా చూస్తూ నిలబడింది గానీ ఏడవలేదు. ఏడ్చే హక్కు లేదనుకుందేమో. సాయంత్రం దారిలో ఎవరో అజర్యా చేతులు చూసి, "మళ్ళీ పసుపేమిటి, పొదలైపోయాయిగా?" అన్నారు. ఉన్నికి రంగు వేస్తున్నామన్నాడు. అబద్ధాలు ఇప్పుడు సులువుగా వస్తున్నాయి.

కోతలయ్యాక కొండ మీద పండిన గోధుమలో ముప్పాతిక జాబెజ్ గాదెకి తోలించాడు. జాబెజ్ వద్దనలేదు, సంతోషమని కూడా అనలేదు. ఊరు మాత్రం అంది. పక్కవాడి పాపం ఊరంతా విన్నాక కూడా మొహం తిప్పుకోకుండా గింజ ఇచ్చాడు, ఎంత గొప్ప మనసు అంది. ఆ చలికాలం సంఘపెద్ద ఒకాయన చనిపోతే ఆ స్థానానికి అందరూ అజర్యా పేరే చెప్పారు. నేను తగనని అజర్యా రెండుసార్లు మొత్తుకున్నాడు. ఆ వినయం చూసి ఊరు మరీ మురిసిపోయింది. ఎందుకు తగడో చెప్పే దారి లేదు. అది కెజియా మూసేసింది.

మరుసటి ఏడు ఊరంతా గోధుమ విరగ్గాసింది. జాబెజ్ చేను అన్నిటికన్నా బాగా కాసింది. కోతలు ముగిశాక వచ్చిన ఆదివారం పాదిరిగారు పీఠమెక్కి, కిందటేడు ఇదే చోట ఇద్దరు తమ పాపం ఒప్పుకున్నారు, దేవుడు విన్నాడు, ఊరి మీద నుంచి తెగులు తీసేశాడు అన్నారు. జాబెజ్ వైపు చెయ్యి చాపి చూపించారు. మగవాళ్ళు తలలు ఊపారు. ఆడవాళ్ళ వైపు పక్కనున్నామె కెజియా చెయ్యి పట్టుకుంది. లోయిస్ ఇప్పుడు తల్లి పక్కనే కూర్చుంటోంది, నిటారుగా.

కీర్తన పుస్తకాలు అందరి దగ్గరా ఉండవు. సంఘపెద్ద ముందు నిలబడి ఒక్కో పాదం చదివితే, జనం దాన్ని రాగంలో అందుకుంటారు. ఆ రోజుకి పాదిరిగారు ఎంచినది, తన తప్పు దాచుకోకుండా ఒప్పుకున్నవాడి కీర్తన.

అజర్యా పుస్తకం తెరిచి నిలబడ్డాడు. మొదటి రెండు పాదాలు చదివాడు, జనం పాడారు. మూడో పాదం, నా దోషం నేను దాచలేదు అని అర్థం వచ్చేది, నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మందిరం ఎదురు చూసింది. ఎవరో దగ్గారు. అతను కళ్ళెత్తి చూస్తే లోయిస్ నోరు సగం తెరిచి, తను చెప్పగానే పాడటానికి సిద్ధంగా ఉంది. ఆ పిల్ల తల మీదుగా కెజియా అతన్నే చూస్తోంది. ఆ కళ్ళలో కోపం లేదు. చదువు అన్నట్టు కొద్దిగా తల ఊపింది.

అజర్యా ఆ పాదం వెనక వరసల దాకా వినపడేలా గట్టిగా చదివాడు. అందరికన్నా ముందు లోయిస్ అందుకుంది.